చాలు అనని మనిషికి కొసరు

నమోదు 1
వాతావరణం: దుమ్ము లేదు. యంత్రం: పనిచేస్తోంది. పడిపోయినవారు: లేరు.

ఆఫీసువాళ్ళు రోజూ పై మూడూ నింపి, కింద "ఇతర విషయాలు" రాయమన్నారు. ఎంత రాయాలో చెప్పలేదు. నాకిప్పుడు వేరే పని కూడా పెద్దగా లేదు కాబట్టి వివరంగానే రాస్తాను. చదవడానికి ఓపిక లేనివాళ్ళు పై వరస చూసుకుని వెళ్ళిపోవచ్చు.

నా పేరు మాణిక్యం. పెదలంక తీగల గదిలో పని. నిన్నటిదాకా ఊళ్ళో అందరి తీగలూ నేనే సర్దేదాన్ని. ఇవాళ్టి నుంచి యంత్రం సర్దుతుంది, నేను యంత్రాన్ని తుడుస్తాను.

ఈ రాతలు కొత్తగా దిగబోయేవాళ్ళకి కూడా చూపిస్తారట. అందుకని ఇక్కడివాళ్ళకి తెలిసిన సంగతే అయినా ఒకసారి చెబుతాను. ఈ నేల బరువు. నిలబడితే నెత్తురంతా పిక్కల్లోకి దిగిపోతుంది, తలకి అందదు, కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకని పెద్దవాళ్ళందరికీ మెడ వెనక, వెన్నుపాముకి ఆనించి ఒక సన్నటి తీగ పెడతారు. భుజం కింద చర్మంలో చిన్న డబ్బీ ఉంటుంది. డబ్బీ నుంచి కరెంటు తీగలోకి వెళుతుంది, తీగ నుంచి వెన్నుపాములోకి. తలలో రక్తనాళాలు విచ్చుకుని నెత్తురు పైకి చేరుతుంది. మెడలో కరెంటు పెడితే తలలో నెత్తురు ఎందుకు పెరుగుతుందని డాక్టరుగారిని అడిగితే, కొంత తెలుసు, కొంత తెలియదు అన్నారు. నిజం చెప్పే మనిషి.

తీగ ఉన్నవాళ్ళకి తిమ్మిరి తప్పదు. భుజాల నుంచి వేళ్ళ దాకా ఎప్పుడూ చీమలు పాకుతున్నట్టే ఉంటుంది. వేళ్ళకి వేడి తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మెడ పైన మాత్రం అన్నీ తెలుస్తాయి. అందుకే ఇక్కడ గిన్నె వేడిని చెంపతో చూస్తాం. పసిపిల్లకి జ్వరం వచ్చిందేమో కూడా చెంప ఆనించే చూస్తాం.

మెడ కదిలేకొద్దీ తీగ జరుగుతుంది కాబట్టి తరచూ సర్దుకోవాలి. సర్దడమంటే, డబ్బీ మీద మెట్లు చూపించే చేతిమరని పెట్టి ఒక్కో మెట్టే పైకి తిప్పడం. తిమ్మిరి చిటికెన వేలి కొసకి చేరగానే మనిషి "చాలు" అనాలి. అక్కడ ఆపాలి. యంత్రమూ అదే చేస్తుంది. "ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అడుగుతుంది, "చాలు" అని వినగానే ఆగుతుంది. గొంతు చాలా మర్యాదగా ఉంది. ఊళ్ళోవాళ్ళు అప్పుడే దానికి "వడ్డన" అని పేరు పెట్టేశారు.

ఇవాళ వచ్చినవాళ్ళంతా చాలు అన్నారు. అది ఆగింది. నేను తుడిచాను.

నమోదు 2
వాతావరణం: కొంచెం దుమ్ము. యంత్రం: పనిచేస్తోంది. పడిపోయినవారు: లేరని అందరూ చెబుతున్నారు.

మా పక్కింటి పుల్లమ్మ నారుమళ్ళ గదిలో తొట్ల మధ్య పడుకుని ఉండగా చూశాను. లేపి కూర్చోబెట్టాను.

"పడిపోయావా?" అన్నాను.

"పడ్డమేంటే? వేర్లు ఎలా ఉన్నాయో చూద్దారని వంగేను," అంది.

"కళ్ళు మూసుకుని చూశావా?"

"నీతో వాదన పెట్టుకోలేను గానీ, కాసిని నీళ్ళియ్యి."

సాయంత్రం లోపల ఇలాంటివాళ్ళని ఇంకొందరిని చూశాను. ఒకాయన గోడ పట్టుకుని నిలబడి గోడ గట్టిదనం పరీక్షిస్తున్నానన్నాడు.

మా వాళ్ళ సంగతి యంత్రానికి తెలియదు. పెదలంకలో దిగినవాళ్ళంతా గోదావరి పక్కవాళ్ళ సంతానం. వడ్డిస్తుంటే సగం కడుపుకే చెయ్యి అడ్డం పెడతారు. వడ్డించేవాళ్ళు ఆ చెయ్యి పక్కకి తోసి ఇంకో గరిటె వేస్తారు. "అయ్యో, ఎందుకండీ" అంటూ అదీ తినేస్తారు. తీగ దగ్గరా ఇదే వరస. తిమ్మిరి మణికట్టు దాటగానే "చాలమ్మా చాలు" అంటారు. నేను వినిపించుకోకుండా ఇంకో మెట్టు తిప్పుతాను. అది కొసరు. నాకు పని నేర్పినావిడ కూడా అలాగే చేసేది. చాలు అన్నాక ఒక మెట్టు వేస్తేనే సర్దినట్టు లెక్క. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. రాసి ఉండాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు.

వడ్డన మాత్రం చాలు అంటే చాలనే అనుకుంటోంది.

నమోదు 3
వాతావరణం: దుమ్ము. యంత్రం: పనిచేస్తోంది. పడిపోయినవారు: ఒప్పుకున్నవాళ్ళు ఇద్దరు.

ఈరోజు గది బయట నిలబడి, కాదు, కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. "చిటికెన వేలి దాకా వచ్చేదాకా చాలు అనకండి. అది మనిషి కాదు, ఏమీ అనుకోదు."

"అలాగేలే," అని పుల్లమ్మ లోపలికి వెళ్ళింది. "ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని వడ్డన అడిగింది. "వచ్చిందండీ వచ్చింది, చాలు," అంది పుల్లమ్మ. బయటికి వచ్చాక అడిగితే, "అంత మర్యాదగా అడుగుతుంటే ఇంకా తిప్పు, ఇంకా తిప్పు అని ఎలా అంటావే? బావోదు," అంది.

తరవాత అచ్చాయమ్మ వదిన వచ్చింది. మా ఆయనకి అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ని ఎత్తుకుని పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన గంగరాజు కిందటేడు నీటి గొట్టం పనిలో ఉండగా దుమ్ముగట్టు విరిగి మీద పడి పోయాడు. అప్పటి నుంచి వదిన నాతో నేరుగా మాట్లాడదు. "మా తమ్ముడు పోతే దాని కంట్లో తడి లేదు," అని నాకు వినపడేలా మిగతావాళ్ళతో అంటుంది.

అది నిజమే. ఏడుపు రాలేదు. ఆ రోజు శవం తెచ్చి పడుకోబెట్టారు, నేను పొయ్యి ఆర్పి వచ్చి కూర్చున్నాను. తరవాత మళ్ళీ వెళ్ళి పొయ్యి ఆరిందో లేదో చూసి వచ్చాను. ఇది తీగ వల్లేమోనని ఒకసారి డాక్టరుగారిని అడిగాను. తీగ ఒంటినొప్పిని తగ్గిస్తుంది గానీ ఆ పని చెయ్యదమ్మా, ఆ నెపం దాని మీద పెట్టకండి అన్నారు. సరే అన్నాను. ఏడాదంతా ఇంతే. తింటాను, పడుకుంటాను, తీగలు సర్దుతాను. చేతుల సంగతి ఎలాగో లోపలి సంగతీ అంతే.

వదిన కుర్చీలో కూర్చుంది. వడ్డన మొదటి మెట్టు వేసిందో లేదో "చాలు" అంది. మోచెయ్యి కూడా దాటి ఉండదు. నేను గుమ్మంలోంచి చూస్తున్నానని అలా అంది. నా ఎదురుగా అడిగి పెట్టించుకున్నట్టు ఉండటం ఆవిడకి ఇష్టం లేదు.

"వదినా, రేపు సంవత్సరీకం. చాలాసేపు నిలబడాలి. ఇంకో మెట్టు..." అన్నాను.

ఆవిడ యంత్రం వైపు తిరిగి, "దాన్ని నా డబ్బీ ముట్టుకోవద్దని చెప్పు," అంది.

"క్షమించండి, అర్థం కాలేదు," అంది వడ్డన.

నమోదు 4
వాతావరణం: దుమ్ము లేదు. యంత్రం: పనిచేస్తోంది. పడిపోయినవారు: అచ్చాయమ్మ.

ఇక్కడ పోయినవాళ్ళ కోసం చేసేది ఒక్కటే. నిలబడతాం. ఈ నేల మీద అంతకంటే పెద్ద మర్యాద లేదు. పోయిన మనిషికి ఇష్టమైనది పొయ్యి మీద పెట్టి, అది ఉడికేదాకా అందరూ నిలబడాలి. ఓపిక లేనివాళ్ళు మధ్యలో కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంటివాళ్ళు మాత్రం కూర్చోరు.

మా ఆయనకి ఉలవచారు ఇష్టం. ఉలవలు ఎంతసేపు ఉడుకుతాయో వంట వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బతికున్నప్పుడూ ఆయన నన్ను పొయ్యి దగ్గర అలాగే నిలబెట్టేవాడు.

ఒక్కొక్కళ్ళే కూర్చున్నారు. పుల్లమ్మ కూడా కూర్చుంది. చివరికి వదినా నేనూ మిగిలాం. ఆవిడ పెదవులు తెల్లబడుతున్నాయి. కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి గానీ గిన్నెని చూడటం లేదని తెలుస్తోంది.

"వదినా, కూర్చో," అన్నాను.

"నువ్వు కూకో," అంది.

ఏడాదిలో ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అది. అన్నాక పడిపోయింది. ఇక్కడ మనుషులు చాలా త్వరగా పడతారు, చెయ్యి అందించే వ్యవధి ఉండదు. తల పొయ్యిగట్టుకి కొట్టుకుంది. ఎంత పిలిచినా పలకలేదు. చెంప ఆనించి చూశాను, ఒళ్ళు వెచ్చగానే ఉంది, ఊపిరి ఉంది.

ఉలవలు ఉడికాయి. ఎవరూ తినలేదు.

నమోదు 5
వాతావరణం: దుమ్ము లేదు. యంత్రం: ఊరికి పనిచేస్తోంది, వదినకి పక్కన పెట్టారు. పడిపోయినవారు: కొత్తగా లేరు.

డాక్టర్ ప్రభాకరంగారు పక్క ఊరు ఉత్తరలంక నుంచి బండిలో వచ్చారు. వదినని మా ఇంట్లోనే పడుకోబెట్టాం. నిలబడినప్పుడు తలకి నెత్తురు అందక పడిందనీ, దెబ్బ వల్ల లోపల నాళాలు కొన్ని బిగుసుకున్నాయనీ చెప్పారు. వాటిని విప్పడానికి తీగ తప్ప ఇక్కడ వేరే దారి లేదు.

ముందు వడ్డనని తెప్పించారు. "ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అది అడిగింది. వదిన పలకలేదు. అది ఓపిగ్గా మళ్ళీ అడిగింది. ఆవిడ నోటిమాట లేనిదే అది మొదటి మెట్టు దాటదు, దాన్ని అలాగే తయారుచేశారు. చాలాసార్లు అడిగాక డాక్టరుగారు దాన్ని ఆపేసి, "మాణిక్యంగారూ, మీరు చేతితోనే సర్దాలి," అన్నారు.

"చాలు అనని మనిషికి ఎలా సర్దనండీ?" అన్నాను.

ఆయన ఒక చిన్న పుల్లలాంటిది ఇచ్చారు. దాన్ని కణత మీద ఆనించి, దాని గొట్టం మన చెవిలో పెట్టుకుంటే తలలో నెత్తురు పారే చప్పుడు వినిపిస్తుంది. చీపురుతో వాకిలి ఊడుస్తున్నట్టు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక ఊడ్పు. నెత్తురు సరిగ్గా అందుతుంటే ఊడ్పు నిండుగా ఉంటుంది. అందకపోతే సన్నగా ఈల వేసినట్టు అవుతుంది.

"పడుకుంటే తీగ వెన్నుపాముకి ఇంకా దగ్గరగా జరుగుతుంది. కూర్చున్నప్పటి మెట్టు పనికిరాదు, ఎక్కువైపోతుంది," అన్నారు. "రోజూ అడుగు నుంచి మొదలుపెట్టి తిప్పండి. చప్పుడు నిండుగా వచ్చిన చోట ఆపండి. దాటితే అప్పటికప్పుడు ఏమీ తెలియదు గానీ, నాళాలు మెల్లిగా మళ్ళీ బిగుసుకుంటాయి."

వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచి కట్టుబాటు గుర్తుచేశారు. పలకని మనిషిని ఆయన మూడోసారి వచ్చి చూసేవరకూ ఉంచుతాం. అప్పటికీ ఏ కదలికా లేకపోతే తీగ అడుగుదాకా దించేసి మనిషిని పోనిస్తాం. మనిషి లేకుండా తలలో నెత్తురు తిప్పుతూ కూర్చోవడం మంచిది కాదని ఊరంతా కలిసి పెట్టుకున్న నియమం ఇది. దించే చెయ్యి ఇంటివాళ్ళదే అయి ఉండాలి. వదినకి ఇంటివాళ్ళంటే ఇక నేనే.

"సరేనండీ," అన్నాను. ఆయన బండెక్కారు.

నమోదు 6
వాతావరణం: దుమ్ము ఎక్కువ. యంత్రం: తుడిచాను. పడిపోయినవారు: ముగ్గురు, అందరూ వేర్లు చూడటానికే.

వదినతోనే సరిపోయి రెండు రోజులు రాయలేదు. పొద్దున లేవగానే చేసే పని: వదిన ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పడం, కణత మీద పుల్ల ఆనించి వినడం. ఆ తరవాత మర పెట్టి అడుగుదాకా దించి, ఒక్కో మెట్టే ఎక్కించడం. ఒక మెట్టు దగ్గర ఊడ్పు నిండుగా వస్తుంది. రోజూ అదే మెట్టు. అక్కడ ఆపి పుల్ల తీసేసి మర దాచేస్తాను. తరవాత డాక్టరుగారు ముక్కులో పెట్టి వెళ్ళిన గొట్టం ద్వారా గంజి.

మర్నాడు పొద్దున వింటే చప్పుడు సన్నబడి ఉంటోంది. మొదటిరోజు కొంచెం తగ్గింది. నిన్న ఇంకొంచెం. ఈరోజు ఈలలా ఉంది.

డాక్టరుగారు రెండోసారి వచ్చి విన్నారు. అప్పుడే సర్దాను కాబట్టి నిండుగానే ఉంది. పొద్దుటి సంగతి చెప్పాను. "సర్దినప్పుడు బాగుండి మళ్ళీ తగ్గుతోందంటే, దెబ్బ తిన్న నాళాలు నిలబడలేకపోతున్నాయేమో," అన్నారు. "మీ లోపం కాదమ్మా. ఒక్కోసారి ఇంతే." అంటే వదిన వెళ్ళిపోతోందని.

పుల్లమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుని ముక్కు చీదింది. "నిన్ను అన్ని మాటలు అన్న మనిషికి ఇంత చాకిరీ చేత్తన్నావు. నీకేమీ అనిపించట్లేదా?" అంది.

అనిపించాలని నాకూ తెలుసు. గంజి చల్లారుతోందని మాత్రం అనిపించింది. అదే చెప్పాను. పుల్లమ్మ గంజి గిన్నె తెచ్చి ఇచ్చింది.

వదిన పోతే పెదలంకలో గంగరాజు చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. ఈ మాట రాశాక చదువుకున్నాను. అది నిజమే, రాసిన చెయ్యి నాదే. కానీ అది ఎవరో రాసినట్టుగానే ఉంది.

నమోదు 7
వాతావరణం: దుమ్ము. యంత్రం: చూడలేదు. పడిపోయినవారు: అడగలేదు.

పొద్దున చప్పుడు వినపడీ వినపడనట్టు ఉంది. సర్దాను. పుల్లమ్మ గంజి కాచి తెచ్చింది. పంపులోకి గంజి పోసి గొట్టానికి తగిలించి నొక్కాను. డాక్టరుగారు పంపు మీద ఒక గీత పెట్టి, ఒక పూటకి అంతవరకే అన్నారు.

"ఒసే, ఆగు! గీత దాటించేశావు!" అని పుల్లమ్మ అరిచింది.

చూస్తే నిజంగానే దాటింది. వదిన పెదవి చివర నుంచి గంజి కారుతోంది. గబగబా పక్కకి తిప్పి తుడిచాను. గొంతుకి అడ్డం పడనందుకు బతికిపోయాం.

"గీత దగ్గర ఆపాననే అనుకున్నాను," అన్నాను.

"ఆపేవు, ఆపి మళ్ళీ ఇంకాస్త నొక్కేవు. కళ్ళారా చూసేను," అంది పుల్లమ్మ. భయం తగ్గాక ఆవిడకి నవ్వొచ్చింది. "ఎందుకే కొసరు? ఆవిడేవన్నా మొహమాటపడి చెయ్యి అడ్డం పెట్టిందా?"

గుడ్డ కింద పెట్టాను.

తరవాత లేచి మర తెచ్చి వదిన డబ్బీ మీద పెట్టి చూశాను. నేను ఆపిన మెట్టు నాకు గుర్తుంది. మర దానికంటే ఒక మెట్టు పైన చూపిస్తోంది.

రోజూ ఇదే జరిగిందన్నమాట. చప్పుడు నిండుగా వచ్చిన చోట ఆపుతున్నాను. ఆ తరవాత నా చెయ్యి తనంతట తాను ఇంకో మెట్టు తిప్పుతోంది. ఇన్నేళ్ళు ఊళ్ళో అందరికీ వేసినట్టే. కళ్ళు మూసుకుని వింటాను కాబట్టి తిరగడం కనపడదు, చెవిలో గొట్టం ఉంది కాబట్టి మెట్టు పడ్డ చప్పుడు వినపడదు. వేళ్ళకి తిమ్మిరి కాబట్టి తిరిగిన సంగతి వేళ్ళకీ తెలియదు. పొద్దుటికి నాళాలు బిగుసుకుంటున్నాయి. నేనేమో వదిన వెళ్ళిపోతోందనుకుని రోజూ ఇంకా శ్రద్ధగా సర్దుతున్నాను, ఇంకా శ్రద్ధగా కొసరు వేస్తున్నాను.

కొసరు ఎందుకు వేస్తాం? మనిషి మొహమాటంతో ఒక మెట్టు మింగేస్తాడు కాబట్టి. పలకకుండా పడుకున్న మనిషికి మొహమాటం ఎక్కడిది?

ఒక మెట్టు దించాను. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని దించాను, అది మళ్ళీ ఎక్కించకుండా. పుల్లమ్మ నన్ను చూసి పిచ్చెక్కిందనుకుంది.

నమోదు 8
వాతావరణం: దుమ్ము తగ్గింది. యంత్రం: కొత్త పద్ధతి. పడిపోయినవారు: తగ్గలేదు.

నిన్న పొద్దున చప్పుడు సన్నబడలేదు. ఇవాళా సన్నబడలేదు. నిండుగా, తీరుబడిగా ఊడుస్తోంది. కానీ వదిన కదలలేదు. వేలు కూడా కదపలేదు. పేరు పెట్టి పిలిచాను, గంగరాజు పేరు కూడా చెప్పాను. లాభం లేదు.

ఆఫీసువాళ్ళకి కొసరు సంగతి రాసి పంపితే వెంటనే వడ్డనకి నేర్పించారు. ఇప్పుడది చాలు అని విన్నాక ఇంకో మెట్టు వేసి, "మొహమాటపడకండి" అంటోంది. మంచిదే. కానీ అది కొసరు వేస్తుందని ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. అందుకని ఇంకో మెట్టు ముందే చాలు అంటున్నారు. పుల్లమ్మ ఇవాళ కూడా వేర్లు చూసింది.

రేపు డాక్టరుగారు వస్తారు. మర శుభ్రంగా తుడిచి పెట్టాను.

నమోదు 9
వాతావరణం: రాయలేదు. యంత్రం: రాయలేదు. పడిపోయినవారు: లేరు.

డాక్టరుగారు పుల్ల పెట్టి చాలాసేపు విన్నారు. నేను కొసరు సంగతి చెప్పాను. ఆయన తల ఊపారు. "నెత్తురు బాగా అందుతోంది. కానీ మనిషి ఉన్నదీ లేనిదీ నెత్తురు చెప్పదమ్మా," అన్నారు.

"ఇంకో నాలుగు రోజులు ఆగుదామండీ," అన్నాను. నేను నా కోసం ఏదైనా అడిగి ఏడాదైంది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఈ నియమం పెట్టిన రోజు చెయ్యెత్తినవాళ్ళలో ఈవిడ కూడా ఉన్నారు. నాకు గుర్తుంది," అన్నారాయన. నాకూ గుర్తుంది. వదిన అందరికంటే ముందు ఎత్తింది. మళ్ళీ ఆయనే అన్నారు, "అడుగుదాకా దించండి. దించాక చివరిసారి, తీగ కొత్తగా పెట్టినప్పుడు సర్దినట్టు, మెల్లిగా పైకి తీసుకురండి. ఆ ఎక్కేటప్పుడు కొందరికి మెలకువ వస్తుంది. రాకపోతే అక్కడి నుంచి దించేద్దాం."

దించాను. చప్పుడు సన్నబడి సన్నబడి ఈల అయ్యింది. వదిన మొహం తెల్లబడింది. ఆవిడ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, మొదటి మెట్టు ఎక్కించాను.

"ఎక్కడిదాకా వచ్చింది వదినా?" అన్నాను. పలకదని తెలుసు. సర్దేటప్పుడు అడగకుండా చెయ్యి తిరగదు.

ఇంకో మెట్టు. "ఎక్కడిదాకా వచ్చింది?"

ఇంకో మెట్టు. ఇంకోటి. ఊడ్పు మొదలైంది గానీ ఇంకా నిండలేదు. రోజూ ఆపే మెట్టుకి ఇంకా ఒకటి ఉంది. మర తిప్పబోతుంటే మరకీ నా వేళ్ళకీ మధ్య ఏదో అడ్డం వచ్చింది. వేళ్ళకి తెలియలేదు, చూస్తే కనపడింది. వదిన చెయ్యి. నా ఒళ్ళోంచి లేచి, అరచెయ్యి చాపి, విస్తరి మీద పెట్టినట్టు డబ్బీ మీద అడ్డంగా పెట్టింది.

"చాలు," అంది. గొంతు బొంగురుగా ఉంది.

డాక్టరుగారు లేచి నిలబడిపోయారు. "ఆపండి, ఆపండి! చాలన్నారు," అన్నారు.

"లేదండీ, ఇంకో మెట్టు ఉంది," అన్నాను.

వదిన చెయ్యి పక్కకి తోసి కొసరు వేశాను. చెవిలో ఊడ్పు నిండుగా వచ్చింది. మొహమాటం తిరిగొచ్చిందంటే మనిషి తిరిగొచ్చినట్టే.

వదిన కళ్ళు తెరవకుండానే నుదురు చిట్లించింది. "చాలన్నానా లేదా," అంది.

నమోదు 10
వాతావరణం: దుమ్ము లేదు. యంత్రం: నాకు తెలియదు. పడిపోయినవారు: లేరు.

ఈరోజు వదిన తలగడకి ఆనుకుని కూర్చుంది. గంజి నోటితోనే తాగింది. సగం తాగి చెయ్యి అడ్డం పెట్టింది, నేను ఇంకో గరిటె పోశాను, తాగింది. మూతి తుడుచుకుని, "మాణిక్యం, వాడు తిన్నాడా?" అంది.

"ఎవరు వదినా?"

"ఎవరేంటే? గంగడు. పనిలోంచి వచ్చేడా లేదా?"

ఇలా జరగవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. నెత్తురు అందని చోట కొంత కాలం తుడిచిపెట్టుకుపోతుందట. వదినకి ఏడాది పోయింది. గట్టు విరగడం, శవం రావడం, నా కంట్లో తడి లేదని ఊరంతా చెప్పడం, ఏవీ లేవు. నా పేరు పెట్టి, మామూలుగా, మునుపటిలా పిలుస్తోంది.

ఇంకా రాలేదని అనవచ్చు. పుల్లమ్మ అలాగే అనమని గుమ్మం అవతలి నుంచి సైగ చేస్తోంది. కానీ ఆవిడ ఆయన్ని ఎత్తుకుని పెంచింది.

గంగరాజు పోయినప్పుడు ఆ మాట నేను ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. నాకంటే ముందే ఊరందరికీ తెలిసింది. ఈ ఏడాదిలో నా నోటితో ఒక్కసారి కూడా అనలేదని ఇప్పుడు, ఆవిడ ఎదురుగా నోరు తెరిచాక తెలిసింది.

"లేడు వదినా. పోయాడు. కిందటేడు. గట్టు విరిగి మీద పడింది," అన్నాను.

ఆవిడ నన్నే చూసింది. ఏడవలేదు. కంట్లో తడి లేదు. చేత్తో దుప్పటి మడత సరిచేసింది. దాన్ని విప్పి మళ్ళీ సరిచేసింది. నాకు ఆ చెయ్యి తెలుసు. పొయ్యి ఆరిందో లేదో రెండోసారి చూసి వచ్చిన చెయ్యి అది.

"సంవత్సరీకం అయ్యిందా?" అంది.

"అయ్యింది. నువ్వూ నేనూ చివరిదాకా నిలబడ్డాం. అక్కడే నువ్వు పడిపోయావు."

"నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోతే నిలబడనట్టే. లేవదియ్యి నన్ను."

"నువ్వు లేవలేవు వదినా."

"లేవదియ్యే."

మంచం దిగబోయింది. కాళ్ళు కింద పెట్టనివ్వలేదు. "నువ్వు కూర్చో, నీ బదులు నేను నిలబడతాను," అన్నాను. పుల్లమ్మతో పొయ్యి మీద ఉలవలు పెట్టించి, మంచం పక్కన నిలబడ్డాను. వదిన తలగడకి ఆనుకుని గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. "చిన్నప్పుడు వాడు ఉలవలు పచ్చివే తినేసేవాడు. ఉడికేదాకా ఆగేవాడు కాదు," అంది.

ఆ ముక్క నాకు తెలియదు. నేను ఆయనకి అన్నాళ్ళు వండాను, ఆ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి చెంప మీద వేడిగా తగిలింది. గిన్నెలోంచి ఆవిరేమో అనుకున్నాను, కానీ పొయ్యి దూరంగా ఉంది. వేలితో చూశాను, వేలికి ఏమీ తెలియలేదు. వేలు కళ్ళ ముందు పెట్టుకుని చూస్తే తడిగా ఉంది. అప్పుడు రెండో చెంప మీద కూడా తెలిసింది. ఆ తరవాత ఆపడం నా వల్ల కాలేదు. నిలబడి, గట్టిగా, పుల్లమ్మ పరుగెత్తుకొచ్చేంత గట్టిగా ఏడ్చాను. గంగరాజు లేడు. ఏడాదిగా లేడు. ఇంకెప్పుడూ రాడు. నాకు చాలా కష్టంగా ఉంది.

కళ్ళు బైర్లు కమ్మాయి. ఉలవలు ఇంకా ఉడకలేదు.

వదిన చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నట్టు నా చేతికి తెలియలేదు గానీ, చూశాను. ఆ చెయ్యి తీసి నా చెంపకి ఆనించుకున్నాను. వెచ్చగా ఉంది.

"కూకోవే," అంది. "పడతావు."

కూర్చున్నాను.